‘ఎన్ని టన్నులు వచ్చింది?’: పునాది కింది మట్టిని పరీక్షించడమంటే

మట్టి పరీక్ష అనగానే మన ఊళ్లలో చాలామందికి గుర్తుకొచ్చేది భూసార పరీక్ష. పొలంలో నాలుగైదు చోట్ల చిన్న గుంటలు తీసి, జానెడు లోతు మట్టిని ఒకచోట కలిపి, గుప్పెడు సంచిలో వేసి పంపితే నత్రజని ఎంత, భాస్వరం ఎంత, పొటాష్ ఎంత అన్నది కార్డు మీద అచ్చేసి ఇస్తారు. ఇల్లు కట్టుకునేవారికి కావలసిన పరీక్ష దీనికి దాదాపు తలకిందులు. రైతు ప్రాణంగా చూసుకునే ఆ జానెడు పైమట్టిని, వేళ్లూ ఎరువూ కలిసిన ఆ సారవంతమైన పొరను, పునాది వేసేవాళ్లు ముందుగా గీకి పక్కన పారబోస్తారు. ఆ కింద మీటరున్నర లోతు నుంచి పది, ఒక్కోసారి ఇరవై మీటర్ల వరకు ఏయే పొరలున్నాయి, బరువు పడితే అవి ఏమవుతాయి, నీరు తగిలితే ఏమవుతాయి అన్నదే వాళ్లకు కావాలి.

ఈ పరీక్ష నివేదిక చేతికి రాగానే ఇంటి యజమాని అడిగే ప్రశ్న ఒక్కటే: ‘‘ఎన్ని టన్నులు వచ్చింది?’’ ఆయన అడుగుతున్నది ఎస్‌బీసీ గురించి, అంటే సేఫ్ బేరింగ్ కెపాసిటీ, నేల ఒక చదరపు మీటరుకు భద్రంగా మోయగల బరువు గురించి. పదిహేను అంటే సంతోషిస్తారు, ఎనిమిది అంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు, రక్తపరీక్షలో చక్కెర అంకె చూసుకున్నట్టే. నా మట్టుకు గందరగోళమంతా ఈ ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది. ఎస్‌బీసీ అన్నది రంగు, వాసన, జిగురు లాగా మట్టికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఫలానా మట్టి మీద, ఫలానా లోతులో, ఫలానా ఆకారంలో, ఫలానా వెడల్పుతో పునాది వేస్తే, అది ఇన్ని మిల్లీమీటర్ల వరకు కుంగినా పరవాలేదనుకుంటే, ఎంత బరువు పెట్టవచ్చో ఇంజినీరు లెక్కగట్టి చెప్పిన తీర్పు అది. ఆ ‘ఫలానా’ల్లో ఏ ఒక్కటి మారినా అంకె మారుతుంది.

చిన్న లెక్క చూద్దాం. సంసక్తి, అంటే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే బలం, చదరపు మీటరుకు 5 టన్నులున్న బంకమట్టి పొర ఉందనుకోండి. గోడ కింద పొడవుగా సాగే పునాది అయితే, సిద్ధాంతం ప్రకారం ఆ బలానికి 5.14 రెట్లు, అంటే 25.7 టన్నుల ఒత్తిడి దగ్గర మట్టి తెగిపోతుంది. దాన్ని భద్రత కోసం మూడుతో భాగిస్తే 8.6 టన్నులు. అదే మట్టి మీద కాలమ్ కింద చతురస్రపు ఫుటింగ్, అంటే స్తంభం బరువును నేలకు పరిచే కాంక్రీటు దిమ్మ, వేస్తే ఆకారం వల్ల ఆ తెగే ఒత్తిడి 1.3 రెట్లవుతుంది, మూడో వంతు తీసుకుంటే 11.1 టన్నులు. మట్టి అదే, శాంపిల్ అదే, పరీక్ష చేసిన రోజు కూడా అదే. పునాది ఆకారం మారేసరికి రెండున్నర టన్నుల తేడా వచ్చింది. కాబట్టి ‘ఎన్ని టన్నులు’ అని అడిగేవారు ‘దేనికి, ఎంత లోతులో’ అని కూడా అడగాలి.

అలాగని ఆ అంకె తేలికైనదేమీ కాదు, ఖర్చంతా దాని మీదే నడుస్తుంది. మూడంతస్తుల ఇంట్లో నడిమధ్య కాలమ్ మీద 60 టన్నులు వస్తాయనుకుంటే, 15 టన్నులు మోసే నేల మీద 4 చదరపు మీటర్ల ఫుటింగ్ చాలు, అంటే రెండు మీటర్ల భుజం. 10 టన్నులైతే 6 చదరపు మీటర్లు కావాలి. 5 టన్నులే అయితే 12 చదరపు మీటర్లు, దాదాపు మూడున్నర మీటర్ల భుజం. కాలమ్‌లు నాలుగు మీటర్లకొకటి ఉన్న ఇంట్లో ఫుటింగ్‌లు ఒకదానికొకటి తగలబోతాయి. అక్కడ విడి ఫుటింగ్‌లు మానేసి ఇంటి కింద మొత్తం ఒకే పలకగా రాఫ్ట్ పోయడమో, పైల్స్, అంటే నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలు, దించడమో చేయాలి.

మట్టి ఎలా మోస్తుంది, ఎలా తప్పుకుంటుంది

ఇసుక రాపిడితో నిలబడుతుంది, బంకమట్టి జిగురుతో నిలబడుతుంది. మన నేలల్లో చాలావాటిలో రెండూ ఎంతోకొంత కలిసి ఉంటాయి. ఫుటింగ్ మీద బరువు మితిమీరితే కింది మట్టి నలిగి మాయమైపోదు, పక్కలకు జరిగి పైకి ఉబుకుతుంది. బురదలో కాలు వేస్తే మడమ చుట్టూ బురద ఎలా పైకి లేస్తుందో అలాగే. అలా ఉబకకుండా దాన్ని అణిచిపెట్టేది ఏమిటంటే, ఫుటింగ్ పక్కల ఉన్న మట్టి బరువు. పునాది లోతుగా వేస్తే ఎస్‌బీసీ పెరగడానికి ఒక కారణం ఇదే, పక్క స్థలంలో గొయ్యి తవ్వితే మన ఇంటికి ముప్పు రావడానికి కారణమూ ఇదే. 2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలిలోని సిద్ధిఖీనగర్‌లో పక్క స్థలంలో పునాది కోసం తవ్వుతుండగా ఒక బహుళ అంతస్తుల భవనం ఒరిగిపోయి, చివరికి దాన్ని కూల్చేయవలసి వచ్చింది. అటువంటి చోట ఇంటి కింది మట్టి పరీక్ష ఎంత బాగా వచ్చినా, ఆ మట్టిని పక్కనుంచి అణిచిపెట్టిన బరువే పోయాక ఆ అంకెకు అర్థం ఉండదు.

నీరు చేసే పని ఇంకొకటి. ఇసుక నేలలో భూగర్భ జలం పునాది మట్టం దాకా లేచి వస్తే, నీట మునిగిన ఇసుక రేణువుల నికర బరువు దాదాపు సగమవుతుంది, రాపిడి ఆ మేరకు తగ్గుతుంది, మోసే బలమూ సగం దాకా పడిపోవచ్చు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలువలు కట్టేసిన వేసవిలో బోరు వేసి, నీరు మూడు మీటర్ల లోతున తగిలిందని రాసుకుంటే, కాలువలకు నీళ్లు వదిలాక అది ఎక్కడికి వస్తుందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నివేదికలో నీటి మట్టం పక్కన తేదీ లేకపోతే ఆ అంకెను నమ్మకూడదు.

బోరు దగ్గర

ఎంత లోతు చూడాలన్నది కట్టడం వెడల్పును బట్టి ఉంటుంది. ఫుటింగ్ కింద ఒత్తిడి లోతుకు పోయేకొద్దీ పలచబడుతూ, ఫుటింగ్ వెడల్పుకు రెండింతల లోతు చేరేసరికి పైన ఉన్నదానిలో సుమారు పదో వంతు మిగులుతుంది. రెండు మీటర్ల ఫుటింగ్‌కు దాని కింద నాలుగు మీటర్ల మట్టి లెక్కలోకి వస్తుంది. పదిహేను మీటర్ల వెడల్పున్న రాఫ్ట్‌కు ముప్పై మీటర్ల లోతున ఉన్న మెత్తటి పొర కూడా లెక్కలోకి రావచ్చు. ఈ సంగతి తెలియకే కొందరు ప్లేట్ లోడ్ టెస్టును దేవుడి మాటలా నమ్ముతారు. గొయ్యిలో 30 సెంటీమీటర్ల ఉక్కు పలక పెట్టి, జాకీతో బరువు పెంచుతూ, ఎంత కుంగిందో డయల్ గేజీలతో చూసే పరీక్ష అది. చూడటానికి ఎంతో ఒప్పించేదిగా ఉంటుంది. కానీ 30 సెంటీమీటర్ల పలకకు తెలిసేది కింద 60 సెంటీమీటర్ల మట్టి గురించి మాత్రమే. పైన గట్టి మొరం, మీటరు కింద మెత్తటి ఒండ్రు ఉంటే, పలక మొరం మీద దర్జాగా నిలబడుతుంది, ఇల్లు మాత్రం ఒండ్రులోకి దిగుతుంది.

బోర్లు ఎన్ని వేయాలన్న దానికి మన భారతీయ ప్రమాణం ఐఎస్ 1892 ఒక దారి చూపిస్తుంది. సుమారు ఎకరం, అంటే 0.4 హెక్టారు స్థలంలో ఒకే కట్టడమైతే నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి. చిన్న ఇంటికైతే మధ్యలో ఒక బోరో, ఒక పరీక్ష గొయ్యో చాలు. రెండు వందల గజాల స్థలంలో ఒకటికి రెండు వేస్తే మంచిదని నేనంటాను, ఆ మాటకు కారణం హైదరాబాద్ సంగతి చెప్పేటప్పుడు వస్తుంది.

బోరు దగ్గర జరిగే అసలు పరీక్షను ఎస్‌పీటీ అంటారు, స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్. మూడు కాళ్ల ట్రైపాడ్ నిలబెట్టి, కప్పీ మీదుగా తాడు వేసి, బోరు అడుగున నిలువునా రెండుగా విడిపోయే ఉక్కు గొట్టాన్ని దించి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టాన్ని 45 సెంటీమీటర్లు దింపుతారు. ప్రతి 15 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పడ్డాయో రాసుకుంటారు. మొదటి 15 బోరు వేసేటప్పుడు కదిలిన మట్టి కనుక దాన్ని లెక్కలో తీసేస్తారు. దెబ్బలు వరుసగా 6, 9, 12 అయితే చివరి రెంటి మొత్తం 21, దాన్నే ఎన్ విలువ అంటారు. ఇసుకలో పది లోపు వస్తే వదులు, ముప్పై దాటితే బాగా దట్టం. యాభై దాటినా గొట్టం దిగకపోతే ‘రెఫ్యూజల్’ అని రాసి ఆపేస్తారు. గొట్టం పైకి తీసి తెరిస్తే ఆ లోతు మట్టి పొర పొరగా కళ్ల ముందు ఉంటుంది. పరీక్ష మొత్తంలో నాకు ఇష్టమైన క్షణం అదే. పైన ఎర్రమట్టి, దాని కింద పసుపు చారలు, అడుగున మెరిసే అభ్రకపు పొడి. ఏ పట్టికా అంత స్పష్టంగా చెప్పదు.

ఈ పరీక్ష పాతది, మోటుది, మనిషి చేతి మీద ఆధారపడేది. తాడు లాగేవాళ్లు మధ్యాహ్నానికి అలసిపోయి సుత్తిని 75కు బదులు 60 సెంటీమీటర్లే లేపారనుకోండి, దెబ్బ బలం ఐదో వంతు తగ్గుతుంది, దెబ్బల సంఖ్య పెరుగుతుంది, ఎన్ విలువ ఎక్కువగా నమోదవుతుంది. అంటే కూలీల అలసట నివేదికలో నేల గట్టితనంగా మారుతుంది, పొరపాటు మనకు హాని చేసే వైపే జరుగుతుంది. అందుకే తాడు మీద 75 సెంటీమీటర్ల గుర్తు కట్టారా లేదా అని చూడటం యజమాని చేయగల పనే. నీటి కింద ఉన్న సన్నటి ఇసుకలో దెబ్బకు రేణువుల మధ్య నీరు వెంటనే తప్పుకోలేక బలం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి అక్కడ 15 దాటిన భాగాన్ని సగమే లెక్కిస్తారు. 31 వస్తే 23గా తీసుకుంటారు. నివేదికలో నమోదైన ఎన్, సరిచేసిన ఎన్ అని రెండు గడులు లేకపోతే ఆ సవరణ జరగలేదని అనుమానించవచ్చు.

ఒక సంగతి చెప్పక తప్పదు. అనుమతుల ఫైలులో పెట్టడానికి ఒక కాగితం కావాలి కాబట్టి బోరు వేయకుండానే నివేదిక తయారయ్యే చోట్లు ఉన్నాయి. ఒకసారి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు స్థలాల నివేదికలు నా దగ్గరకు వస్తే, సర్వే నంబరు తప్ప ప్రతి లోతులోని ప్రతి ఎన్ విలువా ఒకటే. బోరు వేస్తున్నప్పుడు ఇంటివాళ్లలో ఒకరు అక్కడ కుర్చీ వేసుకుని కూర్చోవడం కన్నా చవకైన భద్రత మరొకటి లేదు.

గిన్నె, గాజుపలక, కిరోసిన్

బంకమట్టి విషయంలో సుత్తి దెబ్బలు చెప్పేది సగమే. మిగతా సగం ప్రయోగశాలలో తెలుస్తుంది, అక్కడి పరీక్షలు విచిత్రంగా వంటింటి పనుల్లా ఉంటాయి. 1911లో స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్ ఒక మామూలు సంగతిని శాస్త్రంగా మార్చాడు: ఒకే మట్టి నీటి పాళ్లు మారేకొద్దీ గట్టి పెళ్లగా, మెదిపే ముద్దగా, జారే గుజ్జుగా మారుతుంది, ఆ హద్దులు మట్టి మట్టికీ వేరు. తర్వాత ఆర్థర్ కాసాగ్రాండే అనే ఇంజినీరు దాన్ని ఒక చిన్న యంత్రానికి దించాడు. ఇత్తడి గిన్నెలో తడిమట్టి పరిచి, మధ్యలో గాడి గీసి, మర తిప్పుతూ గిన్నెను సెంటీమీటరు ఎత్తు నుంచి పడేలా చేస్తారు. సరిగ్గా 25 దెబ్బలకు గాడి కలుసుకుంటే, అప్పుడు మట్టిలో ఉన్న నీటి శాతం ద్రవ హద్దు, లిక్విడ్ లిమిట్. ఇక ప్లాస్టిక్ లిమిట్‌కు యంత్రం కూడా అక్కర్లేదు. గాజుపలక మీద అరచేత్తో మట్టిని చేగోడీలు చుట్టినట్టు తాడుగా చుట్టాలి. మూడు మిల్లీమీటర్ల సన్నం అయ్యేసరికి అది చిట్లడం మొదలైతే ఆ హద్దు చేరినట్టు. అలవాటున్న చేయి ఆ మూడు మిల్లీమీటర్లను కొలవకుండానే పట్టేస్తుంది.

ఈ రెండు హద్దుల మధ్య దూరమే ప్లాస్టిసిటీ ఇండెక్స్. ద్రవ హద్దు 65, ప్లాస్టిక్ హద్దు 27 అయితే ఆ తేడా 38. ఇంత నీటిని తాగి కూడా ముద్దగానే ఉండే మట్టి అంటే నీరు చేరితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది అని అర్థం. ద్రవ హద్దు 50 దాటిన బంకమట్టిని మన ప్రమాణాలు ‘సీహెచ్’ అన్న రెండక్షరాలతో గుర్తిస్తాయి. నివేదికలో ఆ రెండు అక్షరాలు కనిపిస్తే, టన్నుల సంగతి పక్కన పెట్టి తర్వాతి పేజీ జాగ్రత్తగా చదవాలి.

తర్వాతి పేజీలో ఉండవలసింది ఫ్రీ స్వెల్ ఇండెక్స్. ఇంత తక్కువ సరంజామాతో ఇంత విలువైన సమాచారం ఇచ్చే పరీక్ష ఇంకొకటి లేదు. ఆరబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టి పొడి పది గ్రాముల చొప్పున రెండు పొట్లాలు తీసుకుంటారు. వంద మిల్లీలీటర్ల కొలజాడీలు రెండు తీసుకుని ఒకదాంట్లో స్వేదనజలం, మరొకదాంట్లో కిరోసిన్ పోసి, పొడి వేసి, గాజుకడ్డీతో కలిపి గాలి బుడగలు పోగొట్టి, ఇరవై నాలుగు గంటలు కదపకుండా ఉంచుతారు. మరునాడు చూస్తే కిరోసిన్ జాడీలో మట్టి అడుగున 12 గీత దగ్గర చప్పగా పడి ఉంటుంది; నీటి జాడీలో అదే పది గ్రాములు 25 గీత దాకా పొంగి, పైన మసక మేఘంలా నిలబడి ఉంటుంది. తేడా 13ను 12తో భాగిస్తే 108 శాతం. 50 లోపు అయితే బెంగ లేదు, 100 దాటితే ఎక్కువ ఉబ్బే నేల, 200 దాటితే చాలా ఎక్కువ. ఈ తేడాకు కారణం నల్లరేగడిలో ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం. పుస్తకంలో కాగితాల్లా పేర్చినట్టుండే దాని పొరల మధ్యకు నీటి అణువులు దూరి పొరలను విడదీస్తాయి. కిరోసిన్‌కు ఆ శక్తి లేదు. కొన్ని ఇతర బంకమట్టులు కిరోసిన్‌లో కన్నా నీటిలో తక్కువ స్థలం ఆక్రమించి, అంకె సున్నా కన్నా కిందికి కూడా పోతుంది. అటువంటి రుణ సంఖ్య చూసి కంగారు పడనక్కర్లేదు, పరీక్ష ఆ మట్టికి సరిపడదని అర్థం చేసుకుంటే చాలు.

నల్లరేగడి చేసే మోసం

కొన్నేళ్ల కిందట మే నెలలో పల్నాడు వైపు ఒక స్థలం చూడటానికి వెళ్లాను. నేల నిండా బొటనవేలు దూరేంత పగుళ్లు. మేస్త్రి గునపం ఎత్తి వేస్తే ఠంగుమని చప్పుడొచ్చింది. ‘‘ఇది రాయండీ సారూ, దీనికి టెస్టులెందుకండీ, దండగ’’ అన్నాడాయన. అబద్ధమేమీ కాదు, ఆ రోజుకు ఆ నేల నిజంగానే రాయి. పిడికెడంత గడ్డ తీసి పక్కనున్న బకెట్ నీళ్లలో వేశాం. ముందు సన్నగా బుడగలు వచ్చాయి, తర్వాత అంచుల నుంచి పెళ్లలు పెళ్లలుగా రాలడం మొదలైంది, పావుగంట గడిచేసరికి రాయి లేదు, బకెట్ అడుగున నల్లటి ముద్ద ఉంది. ఆయన చేత్తో తీసి నలిపి చూసి, ‘‘వానాకాలం చెప్పులకంటేది ఇదేనండీ’’ అన్నాడు.

నల్లరేగడి విషయంలో టన్నుల ప్రశ్న ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో ఇక్కడే ఉంది. ఎండాకాలంలో ఎస్‌పీటీ చేస్తే ఎన్ విలువలు బ్రహ్మాండంగా వస్తాయి, ఆ అంకెలతో లెక్కగడితే ఎస్‌బీసీ కూడా బాగానే వస్తుంది. కాబట్టి ఇక్కడ శాంపిల్‌ను నీటితో పూర్తిగా నానబెట్టాకే బలం చూడాలి. కానీ అసలు చిక్కు బలం కాదు, కదలిక. నేల కుంగడం గురించే మనం భయపడతాం. నల్లరేగడి ఇంటిని కిందికి దించడంతో ఊరుకోదు, పైకి కూడా ఎత్తుతుంది. ఎంత బలంతో ఎత్తుతుందో స్వెల్లింగ్ ప్రెషర్ పరీక్ష చెబుతుంది. మట్టి బిళ్లను ఉక్కు ఉంగరంలో బిగించి, నీరు పోసి, అది ఉబ్బకుండా పైన బరువులు పెంచుతూ పోతారు. ఏ బరువు దగ్గర అది కదలకుండా నిలుస్తుందో అదే దాని ఒత్తిడి. అది చదరపు మీటరుకు 12 టన్నులు వచ్చిందనుకుందాం. ఒకే అంతస్తు ఇంటి గోడ పునాది నేల మీద పెట్టే ఒత్తిడి 5, 6 టన్నులు మించదు కాబట్టి మట్టి దాన్ని అవలీలగా ఎత్తేస్తుంది. నాలుగంతస్తుల భవనపు ఫుటింగ్ 15 టన్నులతో అదిమి పెడుతుంది కాబట్టి దాన్ని కదపలేదు. రేగడి నేలల్లో పెద్ద మేడ నిక్షేపంగా నిలబడి, దాని ప్రహరీ గోడ, మెట్లు, నేల మీది గచ్చు ముక్కలు ముక్కలుగా పగలడం చూసి ఆశ్చర్యపోయేవారికి జవాబు ఇదే. తేలికైనదానికే అక్కడ ముప్పు ఎక్కువ.

కదలిక అంతా ఒక్కసారి, ఒకేలా జరిగినా ఇబ్బంది ఉండేది కాదు. ఇల్లు కట్టాక దాని నడిమి భాగం కింద ఎండ తగలదు, ఆవిరి పోదు, తేమ ఏడాదికేడాది పేరుకుంటుంది, అక్కడ నేల ఉబ్బి ఉండిపోతుంది. అంచుల్లో మాత్రం వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటూ ఉంటుంది. గోడ పునాదుల మీద నిలిచిన ఇల్లు గొడుగులా వంగి, గోడల మూలల్లో ఏటవాలు పగుళ్లు తీస్తాయి, శ్రావణంలో బిగుసుకున్న తలుపు మాఘంలో సులువుగా మూసుకుంటుంది. స్నానాల గది గొట్టం కారినా, సెప్టిక్ ట్యాంకు ఇంకుడు గుంత గోడ పక్కనే ఉన్నా, ఆ ఒక్క మూలే పైకి లేస్తుంది. ఈ తడి పొడి ఆట మన ప్రాంతాల్లో సుమారు మూడున్నర మీటర్ల లోతు వరకే నడుస్తుంది. దాని కింద తేమ ఏడాది పొడవునా దాదాపు స్థిరం.

రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్‌డ్ పైల్ ఈ లెక్క మీద పుట్టినదే. సన్నటి బోరు మూడున్నర మీటర్లో, ఇంకా పైనో దించి, అడుగున ప్రత్యేకమైన పరికరంతో బోరు వెడల్పుకు రెండున్నర రెట్లు ఉండే గుండ్రటి ఉబ్బు తవ్వి, కాంక్రీటు పోస్తారు. పైన మట్టి ఎంత ఎగిరినా కింద ఆ గడ్డ లంగరులా పట్టి ఉంచుతుంది. అయితే ఎంతో శ్రద్ధగా పైల్స్ వేసి, వాటి మీది బీమును నేరుగా నేల మీద పోసేవాళ్లను చూశాను. బీము కింద కనీసం ఎనిమిది సెంటీమీటర్ల ఖాళీ వదలకపోతే, ఉబ్బిన మట్టి ఆ బీమునే ఎత్తి పైల్స్ పెట్టిన ఖర్చును వృథా చేస్తుంది.

ఇంకొక పద్ధతి, ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి పరిశోధనల నుంచి వచ్చింది: పునాది కింద రేగడిని సుమారు మీటరు లోతు తీసేసి, ఉబ్బని జిగురు మట్టిని, మన భాషలో చెప్పాలంటే మంచి మొరాన్ని, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నింపడం. ఇక్కడే మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఉంది. మొరం దొరకలేదనో, ఇసుకైతే శుభ్రమనో గొయ్యి నిండా ఇసుక నింపుతారు. చుట్టూ నీరు దిగని రేగడి, మధ్యలో నీరు ఇట్టే దిగే ఇసుక. అది పునాది కింద కట్టిన తొట్టి. ప్రతి వానకూ నిండి, చుట్టూ ఉన్న రేగడికి నెలల తరబడి నీరు పెడుతుంది.

రాయి అనుకున్నది గుండయితే

హైదరాబాద్ సంగతి వేరు. పైన పలచటి ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద శిథిలమైన రాయి, చివరికి గట్టి గ్రానైట్. ఇక్కడ బలం గురించి బెంగ తక్కువ, కానీ రెండు ఉచ్చులున్నాయి. ఒకటి, ఈ గ్రానైట్ శిథిలమవుతున్నప్పుడు మధ్యలో పెద్ద పెద్ద గుండ్లు మిగిలిపోతాయి; బోరు ఆ గుండుకు తగిలితే ‘రాయి వచ్చింది’ అని ఆపేస్తారు, దాని కింద మళ్లీ మెత్తటి మట్టి ఉండవచ్చు. అందుకే రాయి తగిలాక కనీసం మూడు మీటర్లయినా వజ్రపు బిట్టుతో కోరు తీయాలి. తీసిన రాతి కడ్డీలను పెట్టెలో వరుసగా పేర్చి, పది సెంటీమీటర్లు, ఆపైన పొడవున్న ముక్కలన్నీ కలిపి ఎంతయిందో చూస్తారు. మీటరున్నర కోత తీస్తే అలాంటి ముక్కలు 90 సెంటీమీటర్లు ఉంటే ఆర్‌క్యూడీ, అంటే రాతి నాణ్యతను చెప్పే కొలత, 60 శాతం; ఫరవాలేదనిపించే రాయి. 25 లోపు అయితే పేరుకే రాయి.

రెండోది పూడ్చిన నేల. ఈ నగరంలో మొదటి మట్టి పరీక్ష కాలనీ పేరు చదవడమే: నల్లకుంట, మాసాబ్ ట్యాంక్ వంటి పేర్లు ఊరికే రావు. కుంట, చెరువు, రాతి గని ఏదైనా శిథిలాలతో పూడ్చిన చోట ఎస్‌పీటీ గొట్టం ఇటుక ముక్కకు తగిలితే దెబ్బలు నలభై చూపిస్తుంది, పక్కనే పాలిథిన్ సంచుల్లో నాలుగు చూపిస్తుంది. సగటు తీస్తే 22 వస్తుంది, దానికి ఏ అర్థమూ లేదు. ఇలాంటి స్థలంలో ఒక మూల రాయి మీద, మరో మూల పూడిక మీద కూర్చున్న ఇల్లు మొత్తం పూడిక మీదే ఉన్న ఇంటికన్నా అధ్వాన్నం. రెండు వందల గజాలకైనా రెండు బోర్లని నేనన్నది ఇందుకే.

ఎందుకంటే ఇల్లు ఎంత కుంగింది అన్నదాని కన్నా ఎంత తేడాగా కుంగింది అన్నది ముఖ్యం. మన ప్రమాణాల ప్రకారం విడి ఫుటింగ్ ఇసుకలో 50, మెత్తటి బంకమట్టిలో 75 మిల్లీమీటర్ల దాకా కుంగినా ఒప్పుకుంటారు. కానీ పక్కపక్క కాలమ్‌ల మధ్య తేడా వాటి దూరంలో 0.0015 వంతు మించకూడదు. నాలుగు మీటర్ల దూరానికి అది ఆరు మిల్లీమీటర్లు. విశాఖ ఓడరేవు చుట్టూ ఉన్నటువంటి సముద్రపు మెత్తటి బంకమట్టిలో ఈ కుంగుడు, బరువుకు మట్టిలోని నీరు మెల్లగా పిండుకుపోతూ, ఏళ్ల తరబడి సాగుతుంది, దాన్ని ముందుగా చూడటానికి 20 మిల్లీమీటర్ల మందం బిళ్లను బరువు కింద పిండి చూస్తారు. నీరు బయటికి పోయే కాలం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇంజినీరు కార్ల్ టెర్జాగీ 1920లలో చూపించాడు. పైనా కిందా నీరు పోయే దారి ఉన్న ఆ బిళ్ల ఒక గంటలో పని ముగిస్తే, అలాంటి దారులే ఉన్న నాలుగు మీటర్ల పొర దానికి 200 రెట్ల మందం, కాలం 40,000 రెట్లు. నలభై వేల గంటలంటే నాలుగున్నర ఏళ్లు. గృహప్రవేశం నాడు నిటారుగా ఉన్న గోడ ఐదో ఏట పగిలితే మేస్త్రిని తిట్టుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

సల్ఫేట్లు, క్లోరైడ్ల పరీక్ష చిన్నదే అయినా చౌడు నేలల్లో, తీరం వెంట మానకూడదు. అవి మట్టిని కాదు, దాంట్లో పాతిన కాంక్రీటును, ఇనుమును తింటాయి.

నివేదికలో చివరగా చూడవలసిన మాట ‘నెట్’. మీటరున్నర లోతు మట్టి తీసేశామంటే చదరపు మీటరుకు సుమారు 2.7 టన్నుల బరువు అప్పటికే దించేశాం. నెట్ అంకె దానికి పైన అదనంగా పెట్టగలిగిన బరువు, గ్రాస్ అంకెలో అది కూడా కలిసి ఉంటుంది. ఈ రెంటినీ తారుమారు చేసిన డిజైన్లు లేకపోలేదు.

నివేదిక ఫైలులో చేరాక పునాది గుంతలు తవ్వుతారు, అప్పుడు అది చెప్పినదీ గుంతలో కనిపిస్తున్నదీ ఒకటేనా అని నివేదిక రాసినవారు వచ్చి చూడాలి. బోరు నాలుగంగుళాల రంధ్రం, గుంత రెండు మీటర్ల కిటికీ. రేగడి నేలలో అయితే ఆ కిటికీని ఎక్కువసేపు తెరిచి ఉంచకూడదు: మే నెల ఎండకు గంటల్లో అడుగు పగుళ్లు తీస్తుంది, ఒక్క జల్లు పడితే ఆ పగుళ్లన్నీ నీరు తాగుతాయి, పరీక్షించిన మట్టి అక్కడ మిగలదు. అడుగు చదును చేసిన రోజే, సాయంత్రం కూలీలు ఇంటికి పోకముందే, దాని మీద బెడ్ కాంక్రీటు పడాలి.